పికప్పు కింద తడి

సూపర్‌వైజరు బూటు కొనతో నేల మీది మరకను చూపించి, "ఇదేంటి?" అన్నాడు.

"మరక సార్," అంది డ్రైవరమ్మ.

"మరకేనని నాకూ కనిపిస్తోంది. ఎవరి పుణ్యం అని అడుగుతున్నా."

కొత్తగా సిమెంటు వేయించిన ఆవరణ అది. వాన నీళ్ళు నిలవకుండా గేటు వైపుకి కాస్త వాలుగా ఉంటుంది. ఆ వాలులో గేటుకేసి ముక్కు పెట్టుకుని నిలబడి ఉంది పాత పికప్పు. ఒకప్పుడు తెల్లరంగే, ఇప్పుడు పాతబడ్డ దంతంలా ఉంది. ఎడమ తలుపుకి పిడి ఊడిపోతే నైలాను తాడు కట్టారు. సరిగ్గా దాని పొట్ట కింద, గేరుబాక్సు ఉండే చోట, పళ్ళెమంత నల్లటి తడి. ఆసుపత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. తెల్లగుడ్డ మీద చుక్క పడితేనే అక్కడ నేరం. అలాంటి చోట నేల మీద ఇంత మరక పడటం ఈ నెలలో ఐదోసారి.

"ఇది బండా, పాలిచ్చే గేదా? పొద్దున్నే వచ్చి చూస్తే చాలు, కింద ఇంత!"

మడత బల్లల దగ్గర ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు. సూపర్‌వైజరు చేతిలోని అట్టకి పెట్టిన కాయితం తీసి, పెన్నుతో సహా డ్రైవరమ్మకి అందించాడు. అంతా ముందే టైపు చేసి ఉంది. డ్రైవరు ఆయిలు చూసుకోకుండా నిర్లక్ష్యంగా నడిపినందువల్ల ఇంజను పాడైందని, ఆ సంగతి డ్రైవరు ఒప్పుకుంటోందని. కింద గీత, గీత కింద 'సంతకం'.

"శుక్రవారం పాత ఇనుము వాడొచ్చి బండి తోలుకుపోతాడు. శనివారం నుంచి నువ్వు మడత బల్ల దగ్గర. పెట్టు సంతకం."

డ్రైవరమ్మ ఆ కాయితాన్ని రెండుసార్లు చదివింది. నలభై ఆరేళ్ళ మనిషి. చదివేటప్పుడు పెదాలు కదుపుతుంది. చదివి, మడత పడకుండా తిరిగి ఇచ్చేసింది.

"ఇంజను పాడవలేదు సార్."

"షెడ్డు మేస్త్రీ ఆయిలు సీలు పోయిందన్నాడు. ఇంజను దించాలన్నాడు."

"పోయిందేమో అన్నాడు సార్. ఆ 'ఏమో' మీరు మింగేశారు."

ఆమె బానెట్టు ఎత్తి కర్ర ఆనించింది. ఆయిలు కొలిచే కడ్డీ లాగి, భుజం మీది గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. పై గీత దాకా తేనెరంగు తడి.

"నెల రోజులుగా చుక్క పొయ్యలేదు. ఎక్కడిది అక్కడే ఉంది. కుండ నిండుగా ఉంటే, కింద తడి ఎవరిది సార్?"

"నాకు కథలు చెప్పకు."

"కథ కాదు కాబట్టే చెప్తున్నా. ఎక్కణ్ణించి కారుతోందో తేలేదాకా నేను సంతకం పెట్టను. శుక్రవారం దాకా టైముందని మీరే అన్నారుగా."

సూపర్‌వైజరు ఆమె కేసి, చుట్టూ ఉన్నవాళ్ళ కేసి చూశాడు. అందరి ముందూ గొంతు పెంచితే ఎక్కువవుతుందనుకున్నాడో ఏమో, "శుక్రవారం అంటే శుక్రవారమే," అని వెళ్ళిపోయాడు.

రెండు చేతుల్తో బకెట్టు మోసుకుంటూ పోతున్న వదిన ఆమె పక్కన ఒక్క క్షణం ఆగింది. డ్రైవరమ్మ మొగుడికి సొంత అక్క. బట్టలుతికే మందులు కలిపే గదిలో పని. ఐదేళ్ళ క్రితం ఈ మరదల్ని ఇక్కడ పనిలో పెట్టించింది తనేనని వారానికోసారైనా గుర్తు చెయ్యకుండా ఉండదు.

"నోరు మూసుకుని పెట్టెయ్యరాదుటే? మడత బల్ల దగ్గర ఫ్యానన్నా ఉంటుంది," అంది పళ్ళ మధ్య నుంచి.

"ఫ్యాను కోసం చెయ్యని నేరం చేశానని రాసివ్వమంటావా వదినా?"

"నీకు అన్నీ పెద్ద మాటలే," అంటూ వదిన బకెట్టు ఎత్తుకుని కదిలింది.

*

బళ్ళు బాగుచేసే మేస్త్రీ షెడ్డు రెండు వీధులవతల. ఆయనకి ఖాళీ లేదు. ఖాళీ ఉన్నా ఆ బండి కిందికి దూరే ఉద్దేశం లేదు. అయినా చక్రాల పలక అరువిచ్చాడు, దాంతోపాటు ఒక మాట కూడా.

"కారేదేదో తెలియాలంటే ముందు తుడువు చెల్లెమ్మా. తుడవని బండికి అన్నీ కారినట్టే ఉంటాయి."

మధ్యాహ్నం ఆసుపత్రి మూటలకీ హోటలు మూటలకీ మధ్య రెండు గంటల విరామం దొరికింది. డ్రైవరమ్మ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని పికప్పు కిందికి జారింది. డీజిల్లో ముంచిన కుంచెతో ఇంజను అడుగు నుంచి మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ మట్టీ జిడ్డూ కలిసి చెప్పు అడుగుల్లా గట్టిపడ్డాయి. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి ముఖం మీద పడుతున్నాయి. కళ్ళు మూసుకుని, ఊది, మళ్ళీ గీకింది. గేరుబాక్సు అడుగున మాత్రం జిడ్డే లేదు. చుట్టూ అంత మురికి పట్టి, ఆ ఒక్క చోట ఉప్పు పూసినట్టు తెల్లగా, గరుకుగా ఉంది. రోడ్డు మీది సున్నమేదో కొట్టుకుందనుకుని దాన్నీ తుడిచేసింది.

సాయంత్రం ఆవరణలో బండి పెట్టేముందు పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పి నేలమీద పరిచింది. దాని మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి ఇంజనెక్కడ, గేరుబాక్సెక్కడ, వెనక ఇరుసెక్కడ అని రాసింది. చక్రాలు ఆగే చోట నాలుగు గుర్తులు పెట్టి, సరిగ్గా వాటి మీదికే బండి ఎక్కించింది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇదంతా చూసి, "బండికి పక్క వేస్తున్నావా అక్కా?" అన్నాడు.

"పక్క తడుపుతోందో లేదో చూడాలిగా," అంది ఆమె.

మంగళవారం పొద్దున అట్ట పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. వంగి, అరచేత్తో తడిమి చూసింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మేస్త్రీకి చెబితే పగలబడి నవ్వాడు.

"తుడిస్తే తగ్గిపోయే రోగమా ఇది? మా అత్తగారి మోకాలినొప్పీ ఇంతే. మేం ఊరెళ్తే ఉండదు, తిరిగొస్తే వచ్చేస్తుంది."

సూపర్‌వైజరు కిటికీలోంచే అడిగాడు. "ఏం, నయమైపోయిందా? శుక్రవారం మాత్రం మారదు."

ఆమె మూటలు ఎక్కించుకుంది. పిల్లల ఆసుపత్రికి దుప్పట్లు, రెండు హోటళ్ళకి తువ్వాళ్ళు. మైల బట్టల మూటలు తిరిగి తెచ్చింది. సాయంత్రం రైలుకట్ట అవతలి గోడౌనుకి వెళ్ళి నాలుగు నీలం డ్రమ్ముల్లో సబ్బునీళ్ళు నింపించుకొచ్చింది. దించే ఆడవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఎప్పటిలాగే డ్రమ్ముల్ని బండి మీదే వదిలేసి, చక్రాల్ని గుర్తుల మీద నిలిపి ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున ఆరింటికి వచ్చేసరికి అట్ట నానిపోయింది. గేరుబాక్సు అని రాసిన చోట అట్ట మెత్తబడి, వేలితో పొడిస్తే చిరిగేలా ఉంది.

ఆమె పరుగున వెళ్ళి పలక తెచ్చుకుని కిందికి దూరింది. గేరుబాక్సు అంచున ఒక నల్లటి చుక్క వేలాడుతోంది. పడబోతుంటే చూపుడు వేలి మీద పట్టుకుని బొటనవేలితో రుద్దింది. జారింది. ఆయిలు జారినట్టే జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

వాసన లేదు.

ఇంజను ఆయిలుకి మాడు వాసన. గేరు ఆయిలు కంపు మూడు రోజులు చేతిని వదలదు. రేడియేటరు నీళ్ళు తియ్యటి వాసనేస్తాయి. బ్రేకు ఆయిలు ఏ చీకట్లో ఇచ్చినా గుర్తుపడుతుంది. దీనికి మాత్రం ఏదీ లేదు. లేచి ఒక్కొక్కటీ మూత విప్పి చూసుకుంది: ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు, క్లచ్చుది, రేడియేటరు. గేరుబాక్సు పక్క బోల్టు విప్పి వేలు పెట్టి చూసింది. అన్నీ నిండుగానే ఉన్నాయి. ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు, కింద మాత్రం తడి ఉంది.

కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. నీళ్ళు పోసేకొద్దీ జారుడు ఎక్కువైంది. నురగ మాత్రం రాలేదు. మట్టేసి తోమినా పోలేదు. ఈలోగా వదినా, మిగతా ముగ్గురూ వచ్చి డ్రమ్ములు దించుకుని లోపలికి దొర్లించుకుపోయారు. పదింటికి స్టీరింగు పట్టుకుంటే రెండు వేళ్ళ కొనలూ చురుక్కుమన్నాయి. చూసుకుంటే తెల్లబడి, బిగిసి, ఇస్త్రీపెట్టె తగిలినట్టున్నాయి.

*

మేస్త్రీ ఈసారి నవ్వలేదు. నానిన అట్టముక్కని వాసన చూశాడు, ఆమె వేళ్ళు చూశాడు. చేతిలోని పానా పక్కన పడేసి తనే పలక మీద పడుకుని బండి కిందికి పోయాడు. లోపలినుంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చి గోటిలో ఇరుక్కున్న తెల్లపొడిని చూపించాడు.

"ఇది సున్నం కాదు. గేరుబాక్సు అల్యూమినియం కదా, దాన్ని ఏదో తినేస్తోంది. గుంటలు పడ్డాయి చూడు. ఆయిలు లోహాన్ని కాపాడుతుంది గానీ తినదు." చేతులు తుడుచుకున్నాడు. "నీ బండి కారట్లేదు చెల్లెమ్మా. నీ బండి మీద ఏదో కారుతోంది."

"సీలు పోయిందన్నది నువ్వేగా," అంది ఆమె.

"కిందికి దూరకుండా అన్నాను. తప్పే."

"ఆ ముక్క మా సూపర్‌వైజరు ముందు అంటావా?"

మేస్త్రీ షెడ్డులోకి చూశాడు. లాండ్రీ వాళ్ళ వ్యాను ఒకటి అక్కడ చక్రం ఊడదీసి ఉంది. వాళ్ళ బళ్ళన్నీ ఆయన దగ్గరికే వస్తాయి.

"చూద్దాంలే," అన్నాడు.

'చూద్దాం' అంటే చూడననే అర్థం. డ్రైవరమ్మకి కోపం రాలేదు. ఎవరి పొట్ట వాళ్ళది.

సాయంత్రం ఇంట్లో మొగుడు కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాలకి జేబులు వేస్తున్నాడు. గోడవార కూర్చుని వదిన భోజనం చేస్తోంది. చెంచాతో తింటోంది. రెండు నెలలుగా చెంచాతోనే తింటోంది. అడిగితే, వయసు మీద పడ్డాక వేడి తగలకూడదట అంటుంది.

"ఇవాళ గేటు దగ్గర ఆ వేలిముద్ర మిషను నన్ను గుర్తుపట్టలేదురా తమ్ముడూ," అంది నవ్వుతూ. "ఎన్నిసార్లు నొక్కినా ఎర్ర లైటే. అరగంట నిలబెట్టాడు. నాకు వేలిముద్రే లేదట. ఇన్నాళ్ళూ వేరే ఎవరో వచ్చి పనిచేసిపోయారన్నమాట."

మొగుడు నవ్వాడు. డ్రైవరమ్మ నవ్వలేదు. లేచి వెళ్ళి వదిన పక్కన కూర్చుని, ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని లైటు వైపు తిప్పింది.

"ఏంటే? జాతకం చెప్తావా?" వదిన చెయ్యి లాక్కోబోయింది.

"ఉండు వదినా."

వేళ్ళ కొనల మీద గీతల్లేవు. గచ్చు అరిగినట్టు నున్నగా అరిగిపోయాయి. అంచుల్లో చర్మం తెల్లగా పగిలి ఉంది. డ్రైవరమ్మ తన చూపుడు వేలు తెచ్చి వదిన వేలి పక్కన పెట్టింది. అదే తెలుపు, అదే బిగువు. తనది ఒక్క పూటది, వదినది ఆరేళ్ళది.

"ఆ డ్రమ్ముల్లో ఏముంటుంది వదినా?"

"సబ్బునీళ్ళు."

"ఎవరన్నారు?"

"సారే అన్నాడు. ఎవరంటారు మరి?"

"సబ్బునీళ్ళయితే నురగ రావాలిగా. వస్తుందా?"

వదిన చెంచా కంచంలో పెట్టింది. "రాదు," అంది. "చేతిమీద పడితే జారుతుంది. ఎంత కడిగినా జారుతూనే ఉంటుంది. రాత్రిళ్ళు మండుతుంది. నీళ్ళ పని చేసేవాళ్ళ చేతులు ఇలాగే ఉంటాయన్నాడు. సరిగ్గా తుడుచుకోమన్నాడు."

కుట్టుమిషను ఆగిపోయింది. మొగుడు తొక్కుడు మీద కాలు అలాగే ఉంచి అక్క చేతుల కేసి చూస్తున్నాడు.

"అలా చూడకండి ఇద్దరూ," అంది వదిన విసురుగా. "ఏమే, దీన్ని పెద్దది చెయ్యకు. నీ మరక సంగతేదో నువ్వు చూసుకో. నలుగురం ఆ గది మీదే బతుకుతున్నాం."

"నా మరకా, నీ చేతులూ ఒకటేనేమో వదినా. డ్రమ్ములు బండి మీదున్న రాత్రే తడి వస్తోంది."

వదిన కంచం తీసుకుని లేచిపోయింది. డ్రైవరమ్మ మొగుడి దగ్గరికెళ్ళి బట్ట మీద గీసే సుద్ద ఎంతుందో అంతా ఇమ్మంది.

"ఎందుకు?"

"పొడి కొట్టి బండికి పూస్తాను."

"నాతో పెళ్ళికి కూడా పౌడరు రాసుకోనిదానివి, ఆ ముసల్దానికి రాస్తావా?" అన్నాడు. అన్నాడే గానీ తనే సుద్దబిళ్ళలన్నీ గుడ్డలో మూట కట్టి, కత్తెర పిడితో మెత్తగా కొట్టి ఇచ్చాడు.

*

గురువారం మళ్ళీ డ్రమ్ముల రోజు. సాయంత్రం పోవాల్సింది, మధ్యాహ్నమే గోడౌనుకి పోయింది. లోడు ఎక్కకముందే వెనక తొట్టి అడుగునా, పొడుగ్గా పోయే రెండు ఛాసీ దూలాల మీదా, గేరుబాక్సు చుట్టూ సుద్దపొడి పట్టించింది. నాలుగు డ్రమ్ములూ ఎక్కాక తిన్నగా మేస్త్రీ షెడ్డుకి తోలి, ముందున్న వాలులో ముక్కు కిందికి ఉండేలా నిలిపింది.

"మళ్ళీ ఏంటమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"ఏం లేదు. కాసేపు ఎదురు చూద్దాం. నువ్వు రానక్కర్లేదు, నీ నీడలో నిలబడనిస్తే చాలు."

మేస్త్రీ పని చేసుకుంటూనే ఉన్నాడు గానీ నిమిషానికోసారి అటే చూస్తున్నాడు. ముప్పావు గంటకి డ్రైవరమ్మ, "ఇటు రా," అంది.

ఇద్దరూ బండి కింద పక్కపక్కన పడుకున్నారు. తొట్టి ఎడమ మూల, ముందు వైపు, ఒక బోల్టు రంధ్రం చుట్టూ సుద్ద తడిసి బూడిదరంగుకి తిరిగింది. అక్కణ్ణించి వేలెడు వెడల్పు గీత ఒకటి దిగి, ఛాసీ దూలానికున్న కన్నంలోకి దూరింది. ఆ తర్వాత దూలం పొడవునా బయటంతా పొడిగా, తెల్లగా ఉంది. మళ్ళీ రెండు మూరల ముందు, గేరుబాక్సు పక్కనున్న కన్నంలోంచి నల్లటి చుక్క తొంగి చూసింది. పెద్దదైంది. జారి గేరుబాక్సు అంచు పట్టుకుని, కింద పడింది.

"దూలం లోపల్నుంచి పోతోంది," అన్నాడు మేస్త్రీ. "లోపలి జిడ్డునంతా కడుక్కుంటూ పోయి నల్లగా వస్తోంది. ఎంత నాటకం! నేనే కాదు, మా గురువైనా సీలనే అనేవాడు."

తొట్టిలో పరిచిన రబ్బరు చాప మూల ఎత్తి చూస్తే దాని కింద రంగు లేదు. రేకు మీద పూత మొత్తం లేచిపోయింది. ఆ మూలనున్న డ్రమ్ముని వంచి పట్టుకుంటే అడుగు అంచున వెంట్రుకంత పగులు. పగులులోంచి తడి.

డ్రమ్ము పక్కన ఒక చోట నీలం మిగతా నీలంలా లేదు. కుంచె గీతలున్నాయి. డ్రైవరమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని, మేస్త్రీ పాత బ్లేడుతో నెమ్మదిగా గీకింది. పై పెచ్చు ఊడింది. దాని కింద పసుపు కాయితం, అక్షరాలు సగం పోయిన పేరు. కాస్టిక్ అన్నంత వరకు చదవగలిగింది. దాని పక్కన ఒక బొమ్మ: గొట్టంలోంచి చుక్క పడుతోంది, కింద ఒక చెయ్యి. చుక్క పడ్డ చోట చెయ్యి తిన్నట్టు కన్నం పడింది.

మిగతా మూడింటి మీదా అలాగే రంగు పూసి ఉంది.

"చదువు రానివాళ్ళ కోసం వేస్తారు ఆ బొమ్మ," అంది డ్రైవరమ్మ. బ్లేడు పక్కన పెట్టింది. "చదువు రానివాళ్ళకి కనపడకూడదని రంగేశారు."

మేస్త్రీ షెడ్డులోకి పోయి తన రసీదు పుస్తకం తెచ్చాడు. నిలబడే రాశాడు. ఇంజను బాగుంది, గేరుబాక్సు సీళ్ళు బాగున్నాయి, కారుతున్నది బండిలోది కాదు, బండిలోకెత్తిన సరుకు, నేను కళ్ళారా చూశాను. సంతకం పెట్టి చింపి ఇచ్చాడు.

"నీ గిరాకీ పోతుందేమో మేస్త్రీ," అంది ఆమె.

"పోతే పోనీ. నిన్న నువ్వు అడిగినప్పుడు అన్నానే ఆ 'చూద్దాం', దానికి నాకు నిద్ర పట్టలేదు."

*

గురువారం దించేవాళ్ళంతా వెళ్ళిపోయాకే బండిని ఆవరణలో పెట్టింది. శుక్రవారం పొద్దున ఆమె సూపర్‌వైజరు బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది: నానిన అట్టముక్క, మేస్త్రీ కాయితం, బ్లేడుతో ఊడదీసిన నీలం పెచ్చు. ఆయన కాయితం చదివాడు. నీలం పెచ్చుని చూడగానే లేచి వెళ్ళి తలుపు మూశాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక గొంతు మారింది.

"కూర్చోమ్మా."

ఐదేళ్ళలో ఆ గదిలో ఆమెని ఎవరూ కూర్చోమనలేదు. కూర్చోలేదు.

"నీ తప్పు లేదని తేలింది. మంచిదేగా! పాత ఇనుము వాడికి ఇప్పుడే ఫోను చేసి రావద్దంటాను. బండి ఉంటుంది, దాని మీద నువ్వూ ఉంటావు. ఆ డ్రమ్ము మార్పిస్తాను. గేరు ఆయిలు సీలు మార్చామని నువ్వు ఒక్క ముక్క రాయి. నేను కింద సంతకం పెడతాను. మూడో మనిషికి తెలియాల్సిన పని లేదు."

సోమవారం ఆమె కోరుకున్నది సరిగ్గా ఇదే. బండి ఉండాలి, తను దాని మీద ఉండాలి. కిటికీలోంచి దాని నుదురు కనిపిస్తోంది, దానికంటుకున్న సుద్దపొడితో సహా. ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం ఎలా ఉంటుందో మనసులో రాసి చూసుకుంది కూడా.

"ఆ బొమ్మ మీద రంగు ఎవరు పూశారు సార్?"

ఆయన నీలం పెచ్చు మీదికి కాయితం జరిపాడు.

"పూసినవాళ్ళకి పూసేముందు కనపడే ఉంటుందిగా."

"నీకు బండి కావాలా, వద్దా?"

"కావాలి సార్. చాలా కావాలి. సోమవారం మీరో అబద్ధం టైపు చేసి నన్ను సంతకం పెట్టమన్నారు. ఇవాళ నన్నే అబద్ధం రాయమని, మీరు సంతకం పెడతానంటున్నారు. చేతిరాత మారితే అబద్ధం నిజమవుతుందా?"

తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆవరణలో వదినా, మిగతా ముగ్గురూ డ్రమ్ములు దించడానికి బండి వెనకకి చేరారు. తొట్టి వెనక తలుపు గొళ్ళెం మీద ఒకామె చెయ్యి వేసింది కూడా. డ్రైవరమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఎవరూ ముట్టుకోకండి. ఇవి సబ్బునీళ్ళు కావు. ముందు ఈ బొమ్మ చూడండి."

నలుగురూ చూశారు. ఎవరికీ ఎవరూ చదివి చెప్పనక్కర్లేకపోయింది. ఒకామె చేతులు వెనక్కి దాచుకుంది.

మెట్ల మీదినుంచి సూపర్‌వైజరు అరిచాడు. "దించండి! లోపల మిషన్లు ఆగిపోయున్నాయి. ఏం తమాషా చూస్తున్నారు?"

ముగ్గురూ వదిన ముఖం కేసి చూశారు. అందరిలోకీ పెద్దది ఆమె. ఆమె ఎటంటే అటు. 'పెద్దది చెయ్యకు' అన్న మనిషి. ఈ ఆవరణలో సార్ మాటకి ఎదురు చెప్పిన ఒక్క రోజు లేని మనిషి. వదిన ఆ బొమ్మ మీదికి వంగింది. పసుపు కాయితం మీది చేతిని, ఆ చేతిలోని కన్నాన్ని చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ కొంగుకి తుడుచుకుని, బండి పక్కగా నడిచి, నైలాను తాడు లాగి తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది.

"నిలబడ్డావేం? ఎక్కు. తాళాలు నీ దగ్గరేగా," అంది.

"ఎక్కడికి వదినా?"

"ఇలాంటివి చూసే ఆఫీసు ఒకటి ఉంటుందిగా. మూటలేసుకుని ఊరంతా తిరుగుతావు, నీకు తెలియకపోతే నాకు తెలుస్తుందా?"

మిగతా ముగ్గురూ వెళ్ళి మందుల గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపలికి పోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు. పికప్పు దగ్గి, వణికి, అందుకుంది.

"గేటు దాటావంటే మళ్ళీ రాకు!" సూపర్‌వైజరు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఆ సరుకు కంపెనీది!"

"అవును సార్, కంపెనీదే. అదే చెప్పడానికి పోతున్నాం," అంది డ్రైవరమ్మ కిటికీలోంచి.

వాచ్‌మన్ ఆయన కేసి చూశాడు, బండి కేసి చూశాడు. బండి ఆగేలా లేదు. గేటు తీశాడు.

కార్మికుల భద్రత చూసే ఆఫీసు ఒక పాత మేడలో, పై అంతస్తులో ఉంది. పైన బల్ల దగ్గరున్న గుమాస్తా తల ఎత్తకుండానే, ఫిర్యాదు ఏదైనా ఉంటే రాసి ఆ పెట్టెలో వెయ్యండి, వారం తర్వాత రండి అన్నాడు.

"మా ఫిర్యాదు పెట్టెలో పట్టదండీ," అంది డ్రైవరమ్మ. "నాలుగు డ్రమ్ములంత ఉంటుంది. కింద బండిలో ఉంది. పైగా కారుతోంది."

కారుతోందన్న మాటకి లోపలి గదిలోంచి అధికారి బయటికొచ్చాడు. సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి. వాళ్ళతో కిందికి దిగాడు. తొట్టిలోకి ఎక్కబోయి, డ్రమ్ము మీది బొమ్మ చూసి, ఎక్కకుండా ఆగాడు. చుట్టూ తిరిగి నాలుగింటి మీదా పూసిన రంగు చూశాడు. చాప కింద రేకు చూశాడు. ఫోను తీసి ఎవరితోనో, వెంటనే బయల్దేరమని, లాండ్రీలో ఒక్క డ్రమ్ము కూడా కదలకూడదని చెప్పాడు. ఆ తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"దీన్ని అక్కడ కలిపేది ఎవరు? చేత్తోనేనా?"

డ్రైవరమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. నాలుగు రోజులుగా పోగుచేసుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆమె భుజం మీద చెయ్యి పడింది.

"నువ్వుండు," అంది వదిన.

ముందుకొచ్చి రెండు అరచేతులూ ఆయన పుస్తకం పక్కన తెరిచి పెట్టింది. ఆయన వాటిని చూసి, పెన్ను దించాడు. ఎవరో పరుగున వెళ్ళి ఆమెకి కుర్చీ తెచ్చారు. వదిన కూర్చోలేదు.

"నేనే కలుపుతాను. ఆరేళ్ళు," అంది. "మొదటి రోజు నుంచి చెప్తాను. రాసుకోండి."